ఒకే కారు, ఇంటిల్లిపాదీ డ్రైవర్లు: బండి కదిలే ముందు ఈ రెండు నిమిషాలు కేటాయించండి

ఇంట్లో కారు ఒక్కటే, నడిపేవాళ్లు మాత్రం ముగ్గురు నలుగురు. ఇప్పుడు చాలా కుటుంబాల్లో ఇదే పరిస్థితి. పొద్దున అబ్బాజాన్ దుకాణానికి తీసుకెళ్తారు. మధ్యాహ్నం కోడలు పిల్లల్ని స్కూలు నుంచి తీసుకొస్తుంది. రాత్రి కొడుకు దోస్తులతో బయటికి వెళ్తాడు. ఆరడుగుల కొడుకు దిగిన సీట్లోనే మర్నాడు ఐదడుగుల అమ్మీ కూర్చుంటారు. సీటు వెనక్కి జరిగి ఉంటుంది. అద్దాలు వేరేవాళ్ల కళ్లకు తగ్గట్టు తిప్పి ఉంటాయి. "దగ్గరే కదా, ఎలాగోలా సర్దుకుపోదాం" అనుకుని బయల్దేరిపోతారు. కానీ ఇక్కడ సర్దుకోవాల్సింది మనిషి కాదు, సీటు.

ఎందుకింత పట్టింపు?

మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నింటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. చాలామంది స్టీరింగ్ మీద ఆ అక్షరాలు చూసి ధీమాగా ఉంటారు. అయితే అక్కడ 'ఎస్ఆర్ఎస్' అని రాసి ఉంటే, దాని అర్థం అదనపు రక్షణ అని. అసలు రక్షణ సీటు బెల్టు. దానికి తోడుగా పనిచేసేదే ఎయిర్‌బ్యాగ్. ఈ రెండూ మనిషి సరైన చోట, సరైన తీరులో కూర్చున్నాడనే లెక్కతో తయారైనవి.

గట్టిగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ కన్నురెప్ప వేసేలోపే తెరుచుకుంటుంది. అంత వేగంతో ఉబ్బే సంచి మెత్తటి దిండులా ఉండదు, బలంగా తన్నుతుంది. ఛాతీ స్టీరింగ్‌కు మరీ దగ్గరగా ఉంటే, కాపాడాల్సిన సంచే గాయం చేస్తుంది. అందుకే స్టీరింగ్ మధ్యభాగానికీ, రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలని నిపుణులు చెబుతారు. జానెడు మీద మరో నాలుగు వేళ్లు అనుకుంటే లెక్క సరిపోతుంది.

ముందు సీటు

సర్దుబాటుకు ఒక వరుస ఉంది. సీటు, వీపు ఆనించే భాగం, హెడ్‌రెస్ట్, స్టీరింగ్, అద్దాలు, చివరగా బెల్టు. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. అద్దాలు ముందు సరిచేసి, తర్వాత సీటు జరిపితే కళ్లు వేరే చోటికి వెళ్తాయి. అద్దంలో కనిపించేదీ మారిపోతుంది.

బండి ఆపి ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి మొదలుపెట్టాలి. నడుము సీటు మూలకు పూర్తిగా ఆనేలా వెనక్కి జరిగి కూర్చోవాలి. ప్యాంటు వెనక జేబులో పర్సు, ఫోను ఉంటే తీసేయాలి. గేర్ల కారైతే ఎడమ కాలితో క్లచ్‌ను కింది దాకా నొక్కాలి. ఆటోమేటిక్ అయితే కుడికాలితో బ్రేకును గట్టిగా నొక్కాలి. అలా నొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. కాలు తిన్నగా చాచుకుపోతే సీటు దూరంగా ఉన్నట్టు. అలాంటప్పుడు అత్యవసరంగా బ్రేకు వేయాలంటే బలం చాలదు. పైగా గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ కాలి గుండా నేరుగా తుంటికి చేరుతుంది. మోకాలు స్టీరింగ్‌కు తగులుతుంటే సీటు మరీ దగ్గరగా ఉన్నట్టు.

తర్వాత ఎత్తు. తలకూ, పైకప్పుకూ మధ్య ఒక పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. రోడ్డు స్టీరింగ్ పైనుంచి స్పష్టంగా కనిపించాలి, స్టీరింగ్ సందుల్లోంచి తొంగిచూసే పరిస్థితి రాకూడదు. తక్కువ ధర మోడళ్లలో సీటు ఎత్తు పెంచే వీలు ఉండకపోవచ్చు. పొట్టిగా ఉన్నవాళ్లు జారని, గట్టి కుషన్ కింద వేసుకోవచ్చు. మెత్తటి దిండు మాత్రం పనికిరాదు. బ్రేకు వేసినప్పుడు అది నలిగి, మనిషి బెల్టు కిందికి జారిపోయే ప్రమాదం ఉంది. ఎత్తు మార్చాక కాళ్ల దూరాన్ని మరోసారి చూసుకోవాలి.

వీపు భాగాన్ని కుర్రాళ్లు ఫ్యాషన్‌గా బాగా వెనక్కి వాల్చుకుంటారు. అలా పడుకున్నట్టు కూర్చుంటే భుజం మీది బెల్టు ఒంటికి ఆనదు. గుద్దుకున్నప్పుడు ఒళ్లు ముందుకు జారిపోతుంది. సరైన వాలు తెలుసుకోవడం తేలికే. భుజాలు సీటుకు ఆనించే ఉంచి చేతిని చాచితే, మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. అందుకోసం భుజం సీటు నుంచి లేవాల్సి వస్తే సీటు వాలు ఎక్కువైనట్టే.

హెడ్‌రెస్ట్ నిద్రకు కాదు

వెనక నుంచి మరో బండి గుద్దితే ఒళ్లు సీటుతోపాటు ముందుకు కదులుతుంది. తల మాత్రం విసురుగా వెనక్కి వాలుతుంది. మెడకు దెబ్బ తగిలేది అప్పుడే. సిగ్నల్ దగ్గర ఆగిన కారులో కూడా ఇది జరగొచ్చు. దాన్ని ఆపడానికే హెడ్‌రెస్ట్ ఉంది. దాని పైఅంచు నడినెత్తితో సమానంగా ఉండటం మంచిది. కనీసం చెవుల పైభాగం దాకా అయినా ఉండాలి. తలకూ దానికీ మధ్య నాలుగు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉండకూడదు. చాలా ఇళ్లలో కారు కొన్న రోజు ఎలా ఉందో అలాగే, మెడ దగ్గరే వదిలేస్తారు. పొడవైన మనిషికి అంత కిందున్న హెడ్‌రెస్ట్ మేలు చేయదు సరికదా, తల దాని మీదుగా ఇంకా వెనక్కి వంగుతుంది.

స్టీరింగ్

స్టీరింగ్ కింద లివర్ ఉంటే దాన్ని వదులు చేసి పైకీ కిందికీ జరపొచ్చు. కొన్ని కార్లలో ముందుకూ వెనక్కూ కూడా వస్తుంది. స్టీరింగ్ మధ్యభాగం ఛాతీ వైపు ఉండాలి, మొహం వైపు కాదు. మీటర్లు అడ్డం లేకుండా కనిపించాలి. సరిచేశాక లివర్ బిగించి, ఒకసారి లాగి చూసుకోవాలి. బండి కదులుతుండగా ఈ లివర్ జోలికి అస్సలు వెళ్లకూడదు.

చేతుల విషయానికొస్తే, స్టీరింగ్‌ను గడియారంలా ఊహించుకుని 9 దగ్గర ఒక చెయ్యి, 3 దగ్గర మరొకటి పెట్టాలి. మోచేతులు కాస్త వంగి ఉండాలి. ఒంటి చేత్తో 12 దగ్గర పట్టుకుని నడిపే అలవాటు చాలామందికి ఉంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ చెయ్యే వచ్చి మొహానికి కొడుతుంది.

అద్దాల్లో దాగే బండి

లోపలి అద్దంలో వెనక గాజు మొత్తం కనిపించాలి. తల తిప్పకుండా, కళ్లు మాత్రమే ఎత్తి చూస్తే సరిపోవాలి. రాత్రి వెనక బండ్ల లైట్లు కళ్లలో కొడుతుంటే అద్దం కింద ఉండే చిన్న మీటను తిప్పుకోవాలి. ఈ అద్దానికి తస్బీహ్, తావీజు, అలంకరణ వస్తువులు వేలాడదీయడం మన ఇళ్లలో మామూలే. అవి ఊగుతూ చూపును లాగుతాయి, మలుపులో నడిచి వస్తున్న మనిషిని కప్పేస్తాయి. వాటిని గౌరవంగా డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోవడం మేలు.

బయటి అద్దాలను చాలామంది తమ కారే సగం కనిపించేలా పెట్టుకుంటారు. అప్పుడు లోపలి అద్దంలో కనిపించేదే మళ్లీ ఇక్కడా కనిపిస్తుంది, పక్కన వచ్చే బండి మాత్రం ఎందులోనూ కనిపించదు. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే ఇంజినీరు దీనికి ఒక సులువైన పద్ధతి వివరించారు. మన కార్లకు అది ఇలా వర్తిస్తుంది. కుడి అద్దం కోసం తలను కుడి కిటికీ గాజుకు దాదాపు ఆనించి, తన కారు పక్కభాగం కొద్దిగా మాత్రమే కనిపించేలా అద్దాన్ని బయటికి తిప్పాలి. ఎడమ అద్దం కోసం తలను కారు మధ్యకు వంచి, అలాగే చేయాలి. తిరిగి మామూలుగా కూర్చుంటే తన కారు అద్దాల్లో కనిపించదు. మొదట కొత్తగా అనిపించినా రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో రోడ్డు మీదే తెలుస్తుంది. దాటి వెళ్లే బండి లోపలి అద్దం నుంచి జారుతుండగానే బయటి అద్దంలో కనిపించాలి. అందులోంచి పోతుండగానే కంటి చివర కనిపించాలి. ఇంత చేసినా ఎడమ సందులోంచి దూరే బైకు, ఆటో కొన్నిసార్లు దాగిపోతాయి. అందుకే పక్కకు మళ్లే ముందు ఒక్కసారి భుజం మీదుగా తిరిగి చూడాలి. బయటి అద్దాలు ఉబ్బెత్తుగా ఉంటే అందులో దూరంగా కనిపించే బండి నిజానికి ఇంకా దగ్గరే ఉంటుందని గుర్తుంచుకోవాలి. పాతబస్తీ గల్లీల్లో గీతలు పడతాయని మడిచిన ఎడమ అద్దాన్ని మెయిన్ రోడ్డు ఎక్కగానే తెరవడం కూడా మర్చిపోకూడదు.

బెల్టు, బుర్ఖా, పిల్లలు

బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. మెడకు ఒరుసుకుంటోందని చంక కిందికి తోసేయడం ప్రమాదకరం. బుర్ఖా, అబాయా, షేర్వానీ లాంటివి వేసుకున్నప్పుడు గుడ్డ మడతల వల్ల బెల్టు వదులవుతుంది. మడతలు సరిచేసుకుని, బెల్టు పెట్టుకున్నాక భుజం దగ్గర పైకి లాగితే ఒంటికి ఆనుతుంది. అబాయా అంచు పెడళ్ల మీద పడకుండా మోకాళ్ల దగ్గరికి సర్దుకోవాలి. నికాబ్ వేసుకుని నడిపేవాళ్లు అటూ ఇటూ అద్దాలు పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి.

గర్భిణులు కింది పట్టీని పొట్ట కిందుగా, తుంటి మీదుగా పెట్టుకోవాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా రావాలి. నెలలు నిండేకొద్దీ సీటు కాస్త వెనక్కి జరపాలి. 25 సెంటీమీటర్ల దూరం కుదరకపోతే స్టీరింగ్ వేరొకరికి ఇవ్వడమే మంచిది.

ముందు సీట్లో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ప్రేమే కావచ్చు. కానీ గుద్దుకున్నప్పుడు ఎంత బలమైన చేతులైనా పిల్లల్ని ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్‌కూ పెద్దల శరీరానికీ మధ్య నలిగేది ఆ బిడ్డే. సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, చైల్డ్ సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. పిల్లలకు వెనక సీటే సరైన చోటు.

వెనక కూర్చునే పెద్దలకూ బెల్టు తప్పనిసరే. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మరణించారు. ఆయన ఉన్నది వెనక సీట్లో. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. ఎంత ఖరీదైన కారైనా బెల్టు లేని మనిషిని కాపాడటం కష్టం. బీప్ శబ్దం రాకుండా కొందరు బకిల్‌లో పెట్టే క్లిప్పుల విషయంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఈ-కామర్స్ కంపెనీలపై చర్య తీసుకుని, వాటి అమ్మకం ఆపించింది.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు

సౌదీ, దుబాయ్, ఖతర్‌లలో డ్రైవర్లుగా పనిచేసేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, ప్రయాణం రోడ్డు కుడివైపు. సెలవుల్లో ఇంటికొచ్చి, ఏళ్ల అనుభవం ఉందన్న నమ్మకంతో వెంటనే కారు తీస్తారు. కానీ కళ్లకు ఆ అలవాటు అంత తొందరగా పోదు. అక్కడ దగ్గరగా ఉండేది ఎడమ అద్దం, ఇక్కడ కుడి అద్దం. బండ్లు దాగే పక్క కూడా తిరగబడుతుంది. సీటు, అద్దాలు తీరిగ్గా సరిచేసుకుని, మొదటి రోజు రద్దీ లేని రోడ్ల మీద నడిపి, ఆ తర్వాతే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం మంచిది.

ఇంట్లో అలవాటు చేయాలంటే

ప్రతిసారీ కొలతలు వెతుక్కోవాల్సిన పనిలేదు. సీటును పూర్తిగా ముందుకు జరిపి, అక్కడ నుంచి ఎన్ని క్లిక్కులు వెనక్కి వస్తే తనకు సరిపోతుందో ఎవరికి వారు లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఆ లెక్కలను కాగితం మీద రాసి కారు అరలో పెట్టుకోవచ్చు. డ్రైవింగ్ నేర్చుకునే పిల్లలకు క్లచ్, గేర్ల కంటే ముందు ఈ పాఠమే నేర్పాలి. ఇంట్లో పెద్దలు చేయనిది పిల్లలు చేయరు కాబట్టి, ఇది పెద్దల నుంచే మొదలవ్వాలి.

ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. వెనక సీట్లో కూర్చున్న అమ్మీ, పిల్లల ప్రాణాలు కాసేపు స్టీరింగ్ పట్టినవారి చేతిలో ఉంటాయి. రోడ్డు దాటే ఎదుటి మనిషి ప్రాణం కూడా అంతే. జాగ్రత్త తీసుకుని ఆపై అల్లాహ్ మీద భారం వేయడమే తవక్కుల్ అని ఉలమాలు చెబుతారు. సీటు, అద్దాలు, బెల్టు సరిచూసుకుని, సఫర్ దువా చదువుకుని బయల్దేరితే రెండు పనులూ పూర్తయినట్టే.