గిడ్డంగిలో పుట్టిన బాణీ

కిందటి కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరకని భీమ్‌గల్ వెళ్లినప్పుడు, ఒక మిత్రుని ఇంటి పెండ్లి బరాత్‌లో డీజే పెట్టెలు నడిపే యువకుడొకడు పరిచయమైనాడు. నేను రేడియోలో పనిచేస్తానని తెలియగానే, "అయితే మీరు గూడ డీజేనే గద సార్" అన్నాడు. మొదట నవ్వు వచ్చింది. తరువాత ఆలోచిస్తే అతడన్నది అక్షరాలా నిజమని తోచింది. డిస్క్ జాకీ అన్న మాట పుట్టినది రేడియోలోనే. 1940 ప్రాంతంలో అమెరికా రేడియో కేంద్రాలలో గ్రామఫోను రికార్డులు వేస్తూ, నడుమ నడుమ నాలుగు మాటలు చెప్పే వ్యాఖ్యాతకు కొంత పరిహాసంగా పెట్టిన పేరది. డిస్క్ అంటే రికార్డు. జాకీ అంటే గుర్రపు స్వారీ చేసేవాడు. ఆ పేరు మన ఊళ్లకు వచ్చేసరికి రౌతు దిగిపోయి గుర్రమొక్కటే మిగిలింది. నిజామాబాదు, బోధన్, ఆర్మూరు ప్రాంతాలలో ఇప్పుడు డీజే అంటే మనిషి కాదు, బండిమీద అంతస్తులుగా పేర్చిన పెట్టెలు. "డీజే ఉన్నదా?" అని అడుగుతారు గాని, "డీజే ఎవరు?" అని అడిగేవారు లేరు.

ఆ పేరు వెనుక ఒక మనిషి ఉంటాడనీ, అతని వేళ్లలోనూ చెవిలోనూ ఒక విద్య ఉంటుందనీ లోకానికి తెలియజేసినవారిలో ఫ్రాంకీ నకల్స్ అగ్రగణ్యుడు. మన వాడుకలో నకలు అంటే చూచి వ్రాసిన ప్రతి. ఈయన జీవితమంతా చేసినది ఇతరుల పాటలను వేయడమే అయినా, నకలు మాత్రం కాదు.

ఆయన 1955 జనవరి 18న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ పేటలో జన్మించారు. అసలు పేరు ఫ్రాన్సిస్ నికల్స్. నల్లజాతి కుటుంబం. యౌవనంలో వస్త్రాలమీది అద్దకపు నమూనాల విద్య అభ్యసిస్తూ, మిత్రుడు లారీ లెవాన్‌తో కలిసి నాట్యశాలలలో రికార్డులు వేయడం నేర్చుకున్నారు. 1977లో షికాగో నగరంలో వేర్‌హౌస్ అనే కొత్త నాట్యశాల ఆయనను రప్పించుకున్నది. వేర్‌హౌస్ అంటే గిడ్డంగి. నిజామాబాదు గంజిలో పసుపు బస్తాలు నిలువచేసే గోదాములు చూచినవారికి ఆ కట్టడం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. శనివారం రాత్రి మొదలైన నాట్యం ఆదివారం మధ్యాహ్నం దాకా సాగేది. అక్కడ మద్యం అమ్మేవారు కారు, పండ్లరసాలే. వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు; వారిలోనూ స్వలింగ ప్రేమికులైన యువకులు ఎక్కువ. ఊరిలో మరే గుమ్మమూ తమను మనసారా రమ్మనని మనుషులకు ఆ గిడ్డంగి ఇల్లయింది. ఊరి రికార్డుల దుకాణాలలో "వేర్‌హౌస్‌లో వేసే పాటలు" కావాలని కుర్రవాళ్లు అడగడం, ఆ మాట వాడుకలో అరిగి "హౌస్" అని మిగలడం, ఈ సంగీతానికి పేరు వచ్చిన కథ ఇది.

ఆ విద్య ఏమిటో కొంచెం వివరించాలి. నాలుగు అక్షరాల ఆవర్తనం. ప్రతి అక్షరం మీదా బరువైన మద్దెల దెబ్బ. రెండవ, నాలుగవ అక్షరాల మీద చప్పట్లు. దెబ్బకూ దెబ్బకూ నడుమ తాళాల గలగల. నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు. ఇది హౌస్ సంగీతపు నడక. ఇక రికార్డులు వేసేవాడి ముందు రెండు యంత్రాలుంటాయి. ఒకదానిపై పాట జనానికి వినబడుతుంటుంది. రెండవదానిపై రాబోయే పాట అతని చెవిలో మాత్రమే వినబడుతుంది. మొదటిది నిమిషానికి 122 దెబ్బలు, రెండవది 118 అనుకుందాం. రెండవ రికార్డు తిరిగే వేగాన్ని నూటికి సుమారు 3.4 వంతుల చొప్పున పెంచితే రెండూ ఒకే నడకలో పడతాయి. కాని చిక్కున్నది. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఈ లెక్కన ఒక స్వరస్థానంలో సగానికి పైగా. కనుక ఏ పాట పక్కన ఏ పాట ఇముడుతుందో చెవి చెప్పవలసిందే. గణితం ఒక్కటే చాలదు. మా వృత్తిలోనూ యంత్రాలు రెండే, అయితే మేము పాటకూ పాటకూ నడుమ ఊపిరి వదిలి, వివరాలు చెబుతాము. అతనికి ఊపిరి వదలడం నిషిద్ధం. భీమ్‌గల్ యువకుడు దీనినే, "సప్పుడు ఆగితే బరాత్ ఆగుతది సార్" అని ఒక్క వాక్యంలో చెప్పాడు.

నకల్స్ అంతటితో ఆగలేదు. పాటలో నాట్యానికి అనువైన భాగం చిన్నదైతే, దానిని టేపుమీదికి ఎక్కించి, బ్లేడుతో కోసి, మళ్లీ మళ్లీ అతికించి పొడిగించేవారు. స్పూలు టేపు కోసి అతికించిన పెద్దల దగ్గర పని నేర్చుకున్న నాకు ఆ శ్రమ తెలుసు. వెంట్రుకవాసి తప్పితే తాళం కుంటుతుంది. తరువాత డెట్రాయిట్‌కు చెందిన డెరిక్ మే దగ్గర రోలండ్ 909 అనే వాద్యయంత్రాన్ని కొని, రికార్డుల కింద దాని దెబ్బలను కలిపి వాయించారు. ఒక్కొక్కప్పుడు దీపాలన్నీ ఆర్పి, చీకటిలో రైలు దూసుకుపోతున్న ధ్వని వేసేవారట. ఒక నాటకకర్త బుద్ధి అది.

ఇదంతా ఎటువంటి కాలంలో జరిగిందో గమనించాలి. 1979 జులై 12న అదే షికాగోలోని కమిస్కీ పార్కు క్రీడాస్థలంలో, రెండు బేస్‌బాల్ ఆటల నడుమ, డిస్కో సంగీతపు రికార్డులను గుట్టపోసి పేల్చివేశారు. జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. రెండవ ఆట సాగనేలేదు. ఆ వేడుకకు ముందు నిలిచినవాడు స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత. మా వృత్తివాడే కనుక ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉన్నది. ఆనాడు అక్కడ ప్రేక్షకులకు చోటు చూపే పనిలో ఉన్న నల్లజాతి కుర్రవాడు విన్స్ లారెన్స్, పగలగొట్టడానికి తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకుల రికార్డులూ ఉన్నాయని గమనించాడు. 1984లో జెస్సీ సాండర్స్ పేర వెలువడిన మొదటి హౌస్ రికార్డు రచనలో ఆ లారెన్స్ చేయి ఉన్నది.

రికార్డుల నిర్మాతగా నకల్స్ ప్రసిద్ధికి మూలం "యువర్ లవ్". దానిని కట్టి పాడినది జేమీ ప్రిన్సిపల్. 1987లో ట్రాక్స్ సంస్థ వేసిన రికార్డుమీద మాత్రం నకల్స్ పేరే ఉన్నది. ఈనాటికీ చాలామంది అది ఆయన పాటగానే ఎరుగుదురు. ఆయన ప్రతిభ ఒక యెత్తు, ఈ అన్యాయం ఒక యెత్తు. ఒకటి చెప్పి రెండవది దాచడం తగదు.

తరువాతి కథ క్లుప్తంగా చెప్పవచ్చు. ఆయన న్యూయార్కు చేరి, డేవిడ్ మొరాలెస్‌తో కలిసి ప్రసిద్ధ గాయకుల పాటలకు నాట్యరూపాలు కట్టారు. 1991లో "బియాండ్ ది మిక్స్" వెలువడింది. 1998లో ఇటువంటి పనికి తొలిసారి ఇచ్చిన గ్రామీ బహుమానం ఆయనకే లభించింది. 2004లో షికాగో నగరం ఆ వీధికి ఆయన పేర గౌరవనామం పెట్టింది. మధుమేహం వలన ఒక పాదం పోయినా రికార్డులు వేయడం మానలేదు. 2014 మార్చి 31న, 59వ యేట, కన్నుమూశారు. ఆ గిడ్డంగిని 2023లో నగరం చారిత్రక కట్టడంగా ప్రకటించింది.

మన ప్రాంతానికి వస్తే, పెట్టెల మోత గురించి ఫిర్యాదులు న్యాయమైనవే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసస్థలాలలో పగలు 55 డెసిబెల్లు మించరాదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. వేర్‌హౌస్ మోత నాలుగు గోడల నడుమ, వినవచ్చినవారి కోసం. బరాత్ మోత వద్దన్నవారి గుండెల మీద కూడా పడుతుంది. నేను నిషేధాన్ని తప్పుపట్టను. నన్ను బాధించినది వేరొకటి. మన పల్లెపాటలు డీజే రూపమెత్తి ఊరూరా మోగుతున్నవి. ఆ ప్రయాణంలో మొదట రాలిపోయేది పాడినవారి పేరు, కట్టినవారి పేరు.

ఆ యువకుని యంత్రంలో ఆరు వందలకు పైగా పాటలున్నవి. జాబితా చూపించాడు. బరాత్ ఒకటి, బరాత్ రెండు, బోనాలు కొత్తది, ఇటువంటి పేర్లు. మనిషి పేరున్నవి పదకొండు లెక్కపెట్టాను. "ఇది ఎవరు పాడినారు నాయనా?" అని మోగుతున్న పాట చూపి అడిగాను. "తెల్వది సార్. మా ఊరామె గొంతు లెక్కనే ఉంటది" అన్నాడు. ఇంతలో పాట చివరికి వచ్చింది. అతడు నన్ను వదిలి, ఒక చెవిని మూసుకుని, తరువాతి పాట మీద వేలు పెట్టి నిలుచున్నాడు.