పప్పు మానేస్తే గ్యాస్ పోతుందా?

మన హాస్టల్లో చదివిన వారెవరికైనా రాత్రి స్టడీ అవర్ గుర్తుండే ఉంటుంది. అందరూ నిశ్శబ్దంగా చదువుకుంటుండగా ఏదో మూల చిన్న శబ్దం, ఆ వెంటనే హాలంతా నవ్వులు. మేమూ నవ్విన వాళ్ళమే. ఆ నవ్వులు పడలేక మా తోటి మిత్రుడొకడు పప్పు, సాంబారు మానేసి చాలా రోజులు మజ్జిగన్నంతోనే గడిపాడు. సెలవులకు ఇంటికి వెళ్తే "ఇంత చిక్కిపోయావేమిరా" అని వాళ్ళమ్మ అడిగేదాకా ఆ సంగతి మాకు తెలియలేదు. అందుకే సిగ్గుపడకుండా ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కడుపులోకి గ్యాస్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మనం మింగే గాలి. గంట కొట్టగానే పళ్ళెం పట్టుకొని పరుగెత్తి, కూర అయిపోతుందేమోనని గబగబా తింటాము కదా, అన్నంతో పాటు గాలీ లోపలికి పోతుంది. అది చాలావరకు త్రేన్పుగా బయటికి వచ్చేస్తుంది.

రెండోది పెద్దప్రేగులో తయారయ్యేది. కందిపప్పు, శనగలు, బొబ్బర్లలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్నప్రేగులో లేదు. అరగకుండా పెద్దప్రేగుకు చేరిన ఆ చక్కెరలను అక్కడి బాక్టీరియా పులియబెడుతుంది. అప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. వీటికి వాసన లేదు. వాసనంతా అతి కొద్దిగా ఉండే గంధకపు వాయువులదే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకు 10 నుండి 20 సార్లు గాలి పోవడం మామూలే. నవ్వేవాడికీ పోతుంది, చెప్పడు అంతే!

మరి పప్పు మానేయాలా? వద్దే వద్దు. గుడ్డు రోజూ ఉన్నా లేకున్నా పప్పు ఉంటుంది, ఎదిగే వయసులో కావలసిన మాంసకృత్తులు అందులో ఉన్నాయి. గుగ్గిళ్ళకు వాడే శనగలు, బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికిస్తే ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి. ముందురోజు సాయంత్రం కుక్ గారికో, కామాటికో గుర్తుచేస్తే సరిపోతుంది. పప్పు పడనివారు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో చాలామందికి కడుపు అలవాటు పడుతుంది. మా మిత్రుడూ అలాగే మళ్ళీ మొదలుపెట్టాడు. పాలు తాగితే ఉబ్బరం వచ్చేవారికి పెరుగు నయం. నెమ్మదిగా నమిలి తినాలి, తిన్నాక కాసేపు గ్రౌండులో నడవాలి. గోళీసోడా తాగితే త్రేన్పు వచ్చి హాయిగా ఉంటుంది గాని, ఆ త్రేన్పులో వచ్చేది చాలావరకు సోడాలోని గ్యాసే!

అయితే ప్రతి నొప్పీ గ్యాస్ కాదు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందకు దిగి పెరిగే నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, విరోచనంలో రక్తం కనిపిస్తే తమ్ముళ్ళు వెంటనే వార్డెన్ గారికి చెప్పాలి. ఇక వయసు మీద పడుతున్న మన పూర్వ విద్యార్థులకు ఒక మాట. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి వస్తే "గ్యాసేలే" అని మాత్ర వేసుకొని పడుకోకండి. అది గుండెపోటు కావచ్చు. ఆ క్షణమే 108 కు ఫోన్ చేయండి.