చుట్టు ఎంత పొడవో అడగాలా?

సెలవులొస్తే పిల్లలు ఊరుకోరు కదండీ. పూర్వమైతే జంతు ప్రదర్శనశాల, సర్కసు అనేవారు. ఇప్పుడు గో-కార్టింగ్ అంటున్నారు. నేలకు ఆనుకుని పోయే ఆ చిన్న బండిని మీరూ చూసే వుంటారు. పైకప్పు లేదు, కింద స్ప్రింగులు లేవు. ఇనుప గొట్టాల చట్రం, నాలుగు చక్రాలు, ఒక ఇంజను, అంతే. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రాలకు వాడే ఇంజను బిగించి మొదటి కార్టు తయారు చేశాడు. ఆటబొమ్మలా మొదలైన ఆ బండికి ఎనిమిదేళ్లు తిరక్కుండానే ప్రపంచ పోటీలు వచ్చాయి.

టికెట్టు కిటికీ దగ్గర ఒక తల్లి "చుట్టు ఎంత పొడవు బాబూ?" అని అడిగిందనుకోండి. పక్కనే వున్న కొడుకు "పొడవుతో పనేముందమ్మా, టైమే ముఖ్యం" అంటాడు. ఎవరి మాట రైటు? నన్నడిగితే ఇద్దరిదీ రైటే, కాకపోతే వేరు వేరు చోట్ల.

ముందు పందెం సంగతి చూద్దాం. అందరూ ఒకే చోట బయలుదేరి, అదే దారిలో, అన్నే చుట్లు తిరుగుతారు. ఎవరు ముందొస్తే వారే గెలుస్తారు. దారి పొడవును ఎవరూ కొలవకపోయినా గెలుపు మారదు. బెల్జియంలో గెంక్ అనే చోట పేరున్న కార్టు ట్రాకు వుంది. దాని పొడవు 1,360 మీటర్లు. ఒక కుర్రవాడు దాన్ని 54 సెకన్లలో చుట్టాడనుకోండి, గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగమన్న మాట. పొడవు కొలవడంలో పదమూడు మీటర్లు తప్పిపోయినా, ఆ లెక్క ఒక్క కిలోమీటరు అటో ఇటో అవుతుంది. అది అందరికీ ఒకేలా మారుతుంది కాబట్టి మొదటివాడు మొదటివాడే. కాలం మాట అలా కాదు. పెద్ద పోటీల్లో సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కపెడతారు. ఆ వేగం మీద వెయ్యో వంతు సెకనులో బండి కదిలేది ఒక్క అంగుళం! అంగుళం తేడాతో గెలుపోటములు తేలే చోట గడియారానికే పెద్దపీట.

మరి కొలవడమే దండగా అంటే, కాదు. పందెం ఇన్ని కిలోమీటర్లని అనుకున్నాక, దాన్ని చుట్టు పొడవుతో భాగించే ఎన్ని చుట్లో నిర్ణయించాలి. ఇరవై కిలోమీటర్ల పందెమైతే గెంక్‌లో పదిహేను చుట్లు వస్తాయి. పొరపాటున చుట్టును 1,300 మీటర్లని రాసుకుంటే పదహారు అవుతాయి. ఒక్క చుట్టేగా అనకండి. బరువు పెరిగితే వేగం తగ్గుతుందని వాళ్లు పెట్రోలు కొలిచి పోసుకుంటారు, మనం ఎసట్లో నీళ్లు కొలిచి పోసినట్టు. పందెం అయ్యాక బండినీ, నడిపినవాణ్ణీ కలిపి తూస్తారు కూడా. నిర్ణయించిన బరువుకు తక్కువ తూగితే గెలుపు పోయినట్టే. ఎంత తాగుతుంది, ఎంత మిగలాలి అనే ఆ లెక్కంతా చుట్టు పొడవు మీదే నిలబడి వుంది.

ఇంకో తమాషా చెబుతాను. ట్రాకు పొడవును దారి మధ్యగా కొలుస్తారు, నడిపేవాళ్లేమో మధ్యగా పోరు. మలుపు దగ్గర బయటి అంచున మొదలుపెట్టి, లోపలి అంచును రాసుకుని, మళ్లీ బయటికి వస్తారు. గుడిలో ప్రదక్షిణలు చేస్తామా, గర్భగుడి గోడను ఆనుకుని నడిచే ఆవిడకంటే మీటరు ఎడంగా నడిచే ఆవిడ చుట్టుకు ఆరు మీటర్ల పైచిలుకు ఎక్కువ నడుస్తుంది. గుడి చిన్నదైనా పెద్దదైనా తేడా మాత్రం అంతే. పదకొండు ప్రదక్షిణలకు దాదాపు డెబ్బై మీటర్లు! ఎనిమిది మీటర్ల వెడల్పున్న ట్రాకులో లోపలి అంచుకూ బయటి అంచుకూ యాభై మీటర్ల తేడా వస్తుంది. స్కూలు ఆటల పోటీల్లో 400 మీటర్ల పరుగుకు పిల్లల్ని మెట్లు మెట్లుగా ముందుకూ వెనక్కూ నిలబెట్టేది ఇందుకే. అక్కడ ఎవరి గీతలో వాళ్లు పరుగెత్తాలి. కార్టుల్లో గీతలు లేవు, దగ్గరి దారి వెతుక్కోవడమే నేర్పు. కాబట్టి పుస్తకంలో రాసిన పొడవును ఉన్నదున్నట్టు నడిపేవాడు ఒక్కడూ వుండడు.

జర్మనీలో కెర్పెన్ అనే ఊళ్లో కార్టు ట్రాకు పనులు చూసుకునే ఒకాయన వుండేవాడు. ఆయన భార్య అక్కడే క్యాంటీన్‌లో పని చేసేది. వాళ్లబ్బాయే ఏడుసార్లు ఫార్ములా వన్ ఛాంపియనైన మైకేల్ షూమాకర్. ఇంటి వాకిలిలాంటి ఒకే చుట్టు మీద నేర్చుకునే పిల్లవాడికి నిన్నటికంటే ఇవాళ మెరుగా అని చూసుకోవడానికి గడియారం చాలు. పొడవు అక్కర్లేదు. చిక్కల్లా రెండు ట్రాకులను పోల్చినప్పుడే. "నాకు 38 సెకన్లు పట్టింది, బావకు 45 పట్టింది" అని మీవాడు గంతులు వేస్తే, ఎవరు ఎక్కడ నడిపారో అడగండి. బావ చుట్టు వంద మీటర్లు పొడుగేమో! పొడవు సమానమైనా, మలుపులెక్కువున్న చోట ఆలస్యమవుతుంది.

ఇక మన పర్సు సంగతి. ఒకచోట టికెట్టుకు పది చుట్లు, ఇంకోచోట ఎనిమిదే అంటే పదే లాభమని మన మనసు లాగుతుంది. మొదటి చుట్టు 300 మీటర్లూ, రెండోది 450 మీటర్లూ అయితే? పది చుట్లకు మూడు వేలు, ఎనిమిదింటికి మూడు వేల ఆరు వందల మీటర్లు. చుట్ల లెక్కన డబ్బు తీసుకునే చోట పొడవు అడిగి తీరాలి. నిమిషాల లెక్కన తీసుకుంటే అడగక్కర్లేదు, చేతి గడియారం చూసుకోండి. పొడవు మాట నమ్మకం కుదరకపోతే, ఖాళీగా వున్నప్పుడు సైకిలు నడిపించుకుంటూ ఒక చుట్టు తిరిగి రావచ్చు. పెద్దవాళ్ల సైకిలు చక్రం ఒకసారి తిరిగితే సుమారు రెండు మీటర్లు. చక్రానికి దారం కట్టి లెక్కపెట్టుకోవడమే. అడగడానికి సిగ్గెందుకండీ, చీర కొంటే గజాలు చూసుకోమూ?

పొడవు చెప్పలేనిది ఒకటుంది, భయం. "చిన్న చుట్టే, ఏమవుతుందిలే" అని చాలామంది అనుకుంటారు. వేగం మొత్తం పొడవును బట్టి రాదు. మధ్యలో తిన్నగా ఎంత దూరం వుందో దాన్ని బట్టి వస్తుంది. చిన్న ట్రాకుల్లో కూడా అద్దె బండ్లు గంటకు 40 కిలోమీటర్లు అందుకుంటాయి. పదకొండు అంగుళాల చక్రం ఆ వేగంలో సెకనుకు పన్నెండుసార్లు తిరుగుతుంది. రెండు వెనక చక్రాలనూ కలిపే ఇరుసు సీటు వెనకే, అంత జోరుగానూ తిరుగుతుంటుంది. 2018లో హర్యానాలోని పింజోరులోనూ, 2020లో మన హైదరాబాదు శివార్లలోనూ సరదాగా బండెక్కిన ఆడవాళ్లు జుట్టు చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. హెల్మెట్టు కింద జడ వేలాడకూడదు. ముడి వేసి, టోపీలోకి దోపి, ఆపైన హెల్మెట్టు పెట్టాలి. చీర, చున్నీలతో అసలు ఎక్కవద్దు. అమ్మాయిని బండిలో కూర్చోబెట్టాక, పనివాళ్లు చూసుకుంటారులే అనుకోకుండా, మెడ వెనక మీరే చేత్తో ఒకసారి తడిమి చూడండి. ఒక్క పాయ బయటికి వచ్చినా బండి కదలనివ్వకండి.