వెలుగు అలారం: అపోహలు – వాస్తవాలు

జనవరిలో సూరత్‌లో ఉదయం ఆరున్నరకు కిటికీ తీస్తే బయట ఇంకా చీకటే. అక్కడి లింబాయత్ ప్రాంతపు ఇళ్లలో మాత్రం అప్పటికే స్టవ్ వెలిగి ఉంటుంది. ఒక పక్క డ్యూటీకి వెళ్లేవాళ్ల టిఫిన్ డబ్బా సర్దుతూ, ఇంకో పక్క బడికెళ్లే పిల్లాణ్ణి మూడోసారి లేపుతుంటుంది తల్లి. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఉండే పేట ఇది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది.

ఇలా చీకట్లో లేవాల్సినవాళ్లకు ‘వెలుగు అలారం’ ప్రకటనలు సహజంగానే ఆశ పుట్టిస్తాయి. లేవాల్సిన సమయానికి 20, 30 నిమిషాల ముందు సన్నగా వెలిగి, తెల్లవారుతున్నట్టు క్రమంగా కాంతి పెంచే గడియారం ఇది. మంచి వస్తువే. దాని గురించి చెప్పే మాటలన్నీ మాత్రం నిజం కావు.

అపోహ: పొద్దు పొడవగానే లేస్తే చాలు, దీపంతో పనేముంది?

వాస్తవం: ఊరిని బట్టి, కాలాన్ని బట్టి ఉంటుంది. దేశమంతటి గడియారాలూ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. సూరత్ ఉన్నది 72.8 డిగ్రీల దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే ఇక్కడ సూర్యుడు గడియారం కంటే దాదాపు 39 నిమిషాలు వెనకబడి ఉంటాడు. జూన్ మొదట్లో ఆరు లోపే తెల్లవారుతుంది కాబట్టి తూర్పు కిటికీ ఉంటే చాలు. జనవరి మధ్యలో సూర్యోదయం 7.20 ప్రాంతంలో. ఏడింటికల్లా పనిలో ఉండాల్సినవాళ్లకు ఆ రోజుల్లో దీపం నిజంగానే సాయం చేస్తుంది.

అపోహ: కళ్లు మూసుకుని ఉంటే వెలుగు ఎలా తెలుస్తుంది?

వాస్తవం: ఎండలో నిలబడి కళ్లు మూసుకుని చూడండి. నల్లగా కాదు, ఎర్రగా కనిపిస్తుంది. రెప్పలు కొద్దిపాటి కాంతిని లోపలికి రానిస్తాయి, అందులోనూ ఎరుపు ఎక్కువ. కంటి వెనక పొరలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కణాలు వెలుగు సంగతిని మెదడులోని గడియారానికి చేరవేస్తాయి. ఈ పదార్థాన్ని గుర్తించింది 1998లో. శరీర గడియారం నడిచే తీరు కనుగొన్న జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది. అయితే దుప్పటి ముసుగుతన్ని, గోడవైపు తిరిగి పడుకునేవారికి ఏ దీపమూ అందదు. దాన్ని ముఖానికి దగ్గరలో, చేతికందే దూరంలో పెట్టాలి. మొదటి రోజుల్లో మామూలు అలారం కూడా పెట్టుకోవాలి.

అపోహ: వెలుగుతో లేస్తే ఐదు గంటల నిద్రైనా సరిపోతుంది.

వాస్తవం: ఇదే అన్నిటికంటే హాని చేసే మాట. పెద్దలకు కనీసం 7 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. లేచాక సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు వెంటాడే మత్తును క్రమంగా పెరిగే వెలుగు కొంత తగ్గించగలదు. తక్కువైన నిద్రను మాత్రం పూడ్చలేదు. రాత్రి పదకొండు దాకా సెల్‌ఫోన్ చూసిన పిల్లాడు ఉదయం లేవకపోతే, మార్చాల్సింది అలారం కాదు, పడుకునే వేళ.

అపోహ: ట్యూబ్‌లైట్ టక్కున వేసినా అదే పని జరుగుతుంది.

వాస్తవం: ఒక్కసారిగా పడే వెలుగు కుండెడు నీళ్లు ముఖాన కొట్టినట్టే. మెల్లగా పెరగడమే ఈ దీపంలోని మేలు. కొంతమందికి చలికాలంలో వచ్చే కుంగుబాటుకు వైద్యులు వాడే 10,000 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దీపం వేరు. దాని ముందు మెలకువగా కూర్చోవాలి. వెలుగు అలారం ఇచ్చేది సాధారణంగా కొన్ని వందల లక్స్‌లే. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట అంతకంటే ఎన్నో రెట్ల వెలుగు ఉంటుంది. అందుకే లేచాక వీలున్నప్పుడు ఓ పావుగంట డాబా మీద నడవండి. ఖర్చు లేని వైద్యం.

అపోహ: రాత్రి డ్యూటీ చేసేవాళ్లకూ ఇదే మందు.

వాస్తవం: వాళ్లకు ముందు కావాల్సింది చీకటి. పన్నెండు గంటలు సాంచాల (మరమగ్గాల) మోతలో నిలబడి ఉదయం ఇంటికి చేరిన మనిషికి, అప్పుడే పొడిచిన ఎండ ‘మేలుకో’ అని చెబుతుంది. శరీరం పడుకోమంటుంది, కన్ను పడుకోనివ్వదు. కిటికీకి మందపాటి గుడ్డ, కళ్లకు ఓ పట్టీ, చెవుల్లో దూది, గది బయట పిల్లల ఆటలు కాస్త దూరంగా. సాయంత్రం లేవడానికి కావాలంటే అప్పుడు వెలుగు అలారం పెట్టుకోవచ్చు. పగటిపూట ఆయన పడుకుంటే అది బద్ధకం కాదు, రాత్రి బాకీ పడ్డ నిద్ర.

అపోహ: పొద్దున లేవలేకపోతే దీపం కొంటే చాలు.

వాస్తవం: ఏడెనిమిది గంటలు పడుకున్నా అలసటగా లేవడం, పెద్దగా గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడటం ఉంటే డాక్టరుకు చూపించాలి. స్లీప్ అప్నియా కావచ్చు. దాన్ని ఏ గడియారమూ నయం చేయదు.

కొనేముందు ఒక వారం ఇంటిల్లిపాదీ అరగంట ముందు పడుకుని చూడండి. అప్పటికీ చలికాలం చీకట్లో లేవడం కష్టమైతే దీపం తెచ్చుకోండి. ఇంట్లో రాత్రి డ్యూటీ మనిషి ఉంటే మాత్రం ముందు ఆ మనిషి పడుకునే గది కిటికీకి మందపాటి పరదా కొనండి.