ఇంకు ఉన్నా ప్రింటర్ ఎందుకు మొరాయిస్తుంది?

తెల్లవారితే పరీక్ష. హాల్ టికెట్ ఇంట్లోనే తీసుకోవచ్చులే అనుకుంటే, రెండు నెలలుగా మూలన పడి ఉన్న ప్రింటర్ తెల్ల కాగితాన్ని బయటికి పంపిస్తుంది. లేదా ఫొటో మీద అడ్డచారలు వేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని కొత్త కార్ట్రిడ్జ్ కొనడమే. కానీ పారేసిన పాతదానిలో ఇంకు మిగిలే ఉండవచ్చు. అది బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఉంటుంది, అంతే. ఆ దారి ఎలాంటిదో తెలిస్తే డబ్బూ, సమయమూ రెండూ కలిసొస్తాయి.

బుడగ తోసే చుక్క

ఇంక్‌జెట్ ప్రింటర్ హెడ్ కాగితాన్ని తాకదు. దాని అడుగున వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు వరుసగా ఉంటాయి. వీటినే నాజిల్స్ అంటారు. వాటి నుంచి వచ్చే చుక్కల పరిమాణాన్ని పికోలీటర్లలో కొలుస్తారు. లీటరులో లక్ష కోట్లవ వంతు ఒక పికోలీటర్. ఒక్కో చుక్క 5 పికోలీటర్లు అనుకుంటే, ఒక్క మిల్లీలీటరు ఇంకులో 20 కోట్ల చుక్కలు ఉంటాయి.

చుక్కను బయటికి తోయడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిదానికి మూలం ఓ చిన్న ప్రమాదం. 1977లో జపాన్‌లోని కెనాన్ సంస్థలో ఇచిరో ఎండో అనే పరిశోధకుడు పనిచేస్తుండగా, వేడి సోల్డరింగ్ ఐరన్ ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది. సూది మొన నుంచి ఇంకు చిమ్మింది. ఆ తర్వాత కొద్దికాలానికే అమెరికాలో హ్యూలెట్-ప్యాకర్డ్ పరిశోధకులు కూడా విడిగా ఇదే దారి పట్టారు. ఆ సంస్థ 1984లో థింక్‌జెట్ ప్రింటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఈ పద్ధతిలో నాజిల్ వెనుక ఉన్న అతి చిన్న హీటర్ సెకనులో లక్షల వంతు వ్యవధిలోనే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. దాన్ని ఆనుకున్న ఇంకు పొర ఆవిరై బుడగ అవుతుంది. బుడగ ఉబ్బినప్పుడు చుక్క బయటపడుతుంది, అణగినప్పుడు కొత్త ఇంకు లోపలికి వస్తుంది.

రెండో పద్ధతిలో వేడితో పనిలేదు. విద్యుత్తు అందగానే రూపం మార్చుకునే పీజో స్ఫటికం గదిని నొక్కి చుక్కను తోస్తుంది. ఎప్సన్ ప్రింటర్లు ఈ తరహావి.

ఎండిపోయేది ఎక్కడ?

ఇళ్లలో వాడే ఇంకులో ఎక్కువ భాగం నీరే. త్వరగా ఆరిపోకుండా అందులో గ్లైకాల్ వంటి పదార్థాలు కలుపుతారు. అయినా నాజిల్ మొన దగ్గర ఇంకుకు గాలి తగులుతూనే ఉంటుంది. నీరు ఆవిరైన కొద్దీ ఇంకు చిక్కబడి, చివరికి బిరడాలా గట్టిపడుతుంది.

దీన్ని ఆపడానికే పని ముగియగానే ప్రింటర్ తన హెడ్‌ను ఓ పక్కకు తీసుకెళ్లి రబ్బరు మూత మీద కూర్చోబెడుతుంది. పని మధ్యలో గోడ స్విచ్ కట్టేసినా, కరెంటు పోయినా ఆ అవకాశం ఉండదు. హెడ్ మూత లేకుండానే ఆరిపోతుంది. అందుకే ప్రింటర్‌ను ముందు దాని బటన్‌తోనే ఆపాలి. లోపలి చప్పుడు ఆగాకే గోడ స్విచ్ జోలికి వెళ్లాలి.

లోపాన్ని కనిపెట్టే తీరు

మొదట నాజిల్ చెక్ పేజీ తీయాలి. గీతల మధ్య ఖాళీలుంటే కొన్ని నాజిల్స్ మూసుకున్నట్టు. గీతలు పూర్తిగా ఉన్నా అక్షరాలు జంటగా కనిపిస్తే హెడ్ అలైన్‌మెంట్ సరిచేయాలి. ఫొటోలో మనుషుల ముఖాలు పచ్చబడితే మెజెంటా రావడం లేదని అర్థం, ఎందుకంటే సయాన్, పసుపు కలిస్తే ఆకుపచ్చే. కొత్త కార్ట్రిడ్జ్ అసలు పనిచేయకపోతే దాని మీది రక్షణ టేపు తీశారో లేదో చూడాలి.

హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చేసి మళ్లీ నాజిల్ చెక్ తీయాలి. వరుసగా పదిసార్లు నొక్కడం వల్ల లాభం లేదు. క్లీనింగ్ అంటే ఇంకును బలవంతంగా లాగి, అడుగున ఉండే పీల్చుడు ప్యాడ్‌లోకి పంపడమే. కొన్ని గంటలు ఆగితే కొత్త ఇంకు తడికి గట్టిపడిన పొర కొంత నానుతుంది.

కార్ట్రిడ్జ్ అడుగునే నాజిల్స్ ఉండే రకమైతే ఇంకో ఉపాయం ఉంది. పోగులు రాలని మెత్తటి గుడ్డను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, నాజిల్ పలకను దాని మీద ఒక నిమిషం ఆనించాలి. రుద్దకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. బోరు నీటిలోని లవణాలు ఆరాక నాజిల్స్‌లోనే మిగిలిపోతాయి. రాగి రంగులో మెరిసే విద్యుత్ బిందువులను పొడిగా తుడిచాకే కార్ట్రిడ్జ్‌ను తిరిగి పెట్టాలి. హెడ్ ప్రింటర్‌లోనే స్థిరంగా ఉండే ట్యాంక్ రకాలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి మెనూలోని క్లీనింగే దారి.

హెచ్చరిక, రీఫిల్

‘ఇంకు తక్కువ’ అనే సందేశం చాలా కార్ట్రిడ్జ్‌లలో ఓ అంచనా మాత్రమే. ఎన్ని చుక్కలు వాడారో ప్రింటర్ లెక్కగట్టి చెబుతుంది. కాబట్టి హెచ్చరిక రాగానే పారేయనక్కర్లేదు. అయితే అచ్చు వెలిసిపోతుంటే మాత్రం ఆపాలి. వేడి పద్ధతిలో హీటర్‌ను చల్లబరిచేది కూడా ఇంకే. అది లేకుండా నడిపితే హీటర్ మాడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఇంకు నింపినా ఫలితం ఉండదు. ఖాళీ అయ్యాకే రీఫిల్‌కు తీసుకెళ్లేవారు గమనించాల్సిన సంగతి ఇది.

స్పాంజి ఉన్న కార్ట్రిడ్జ్‌లో దాని సన్నని రంధ్రాలే ఇంకును కారకుండా పట్టి ఉంచుతాయి. సిరంజితో అతిగా నింపితే ఆ పట్టు తప్పి ఇంకు కారుతుంది. పైనున్న గాలి రంధ్రాన్ని టేపుతో మూసేస్తే ఖాళీ అయిన చోటికి గాలి చేరక ఇంకు రావడం ఆగిపోతుంది.

పూర్తిగా పాడైన కార్ట్రిడ్జ్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల జాబితాలో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జ్‌లూ ఉన్నాయి. వాటిని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

అక్కడిదాకా రాకుండా ఉండాలంటే వారానికోసారి నాలుగు రంగులూ ఉన్న ఒక చిన్న పేజీ తీస్తే చాలు. దానికి ఖర్చయ్యే ఇంకు, మూసుకున్న నాజిల్‌ను తెరవడానికి పోయే ఇంకు కంటే చాలా తక్కువ.