దుమికెడు బొమ్మ



వేసవి వచ్చినదన్న మా రుద్రూరులో ప్రతి యింటను పట్టణమునుండి మనుమలు దిగుదురు. పూర్వము వారు నిజాంసాగరపు కాలువలో నీదులాడుటకును, మామిడితోటలలో దిరుగుటకును వచ్చెడివారు. గడచిన వేసవిలో మా మనుమడు, తొమ్మిదేండ్లవాడు, హైదరాబాదునుండి వచ్చుచు నొక తెల్లని పెట్టెను వెంట దెచ్చెను. దానిని టెలివిజనుకు దగిలించి, రెండుచేతుల నిమిడెడి మీటల పిడి యొకటి పట్టుకొని కూర్చుండెను. తెరపై నీలికాంతుల కన్నులు గల తెల్లని చిన్న బొమ్మ యొకటి కొండచరియలపై బరుగెత్తుచు, అగాధములు దాటుచు గనబడినది. ఆకులు రాలుచున్నవి. నీటిపై నెండ తళుకొత్తుచున్నది. అంత సుందరమైన చలనచిత్రమును నే నెన్నడును జూచి యెఱుగను.

భోజనమునకు రమ్మని మూడుమాఱులు పిలిచితిని. మూడుమాఱులును "ఒక్క నిమిషం తాతా" అనియే యుత్తరము. నాకు గోపము వచ్చి తీగను బెఱికివైచితిని. వాడు బావురుమని యేడ్చెను. "సినిమాయే గదా, అన్నము తిని మల్లా పెట్టుకో" అంటిని. వాడు వెక్కుచు, "ఇది సినిమా కాదు తాతా, నేను ఆడితేనే నడుస్తది" అనెను.

ముప్పదియైదేండ్లు బడిలో బాఠములు చెప్పిన నాకు ఆ యొక్క మాట యర్థమగుటకు నాలుగుదినములు పట్టినది. నావంటివారు మీలో బెక్కురుందురని తలచి, ఆ నాలుగుదినములలో దెలిసికొన్నది నేడు చెప్పుచున్నాను.

సినిమాలో చిత్రములన్నియు ముందే తీయబడి యుండును. మనము చూచినను, చూడక నిద్రించినను, కథ తన దారిని దాను బోవును. ఈ యాట యట్లు కాదు. కొండ యాకార మెట్టిది, బొమ్మ యవయవము లెట్లు కదలును, వెలుతు రేవైపునుండి పడును అను సంగతులు మాత్రమే గణితరూపమున యంత్రములో వ్రాయబడి యుండును. బాలుడు మీట నొక్కినంతనే, ఆ నొక్కుడు ననుసరించి, యంత్రము అప్పటికప్పుడు చిత్రమును గీయును. అట్లు సెకనునకు 60 చిత్రములు. సినిమాకు సాధారణముగా 24 మాత్రమే. మనము రెప్పవాల్చి తెఱచులోపల నీ యంత్రము ఆఱు చిత్రములనైనను గీసి తుడిచివైచును.

కనుక దీనికి సరియైన పోలిక సినిమా కాదు, మన తోలుబొమ్మలాట. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో మేకతోలును బలుచగా జేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది బొమ్మలు చేయు కుటుంబములు నేటికిని గలవు. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. తెరవెనుక దీపము, దీపమునకును దెరకును నడుమ బొమ్మ, బొమ్మను నడపుటకు జేయి. హనుమంతుడు సముద్రమును లంఘించునపుడు ఎంత యెత్తు లేచునో ఆడించువాని మణికట్టు నిర్ణయించును. ఈ క్రొత్త యాటలోను నంతే. భేద మొక్కటి గలదు. అక్కడ ఆడించువాడు తెరవెనుకను, చూచువాడు తెరముందును నుందురు. ఇక్కడ బాలుడు ముందు గూర్చుండి వెనుకవాని పని చేయుచున్నాడు. నేను తీగ పెఱికినది ప్రేక్షకుని లేపుటకు గాదు, ఆడించువాని చేతిలోని బొమ్మను లాగికొనుటకే యైనది.

ఆ పెట్టె పేరు ప్లేస్టేషన్ 5. జపాను దేశపు సోనీ సంస్థ 2020 నవంబరులో వెలువరించినది. మన దేశమునకు 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయల వెలతో వచ్చినది. (ఈ వెల విన్నప్పుడు నేను కొంచెము మంచినీరు పుచ్చుకొంటిని.) ఆట పేరు ఆస్ట్రో బాట్. టోక్యోలోని టీమ్ అసోబి యను బృందము దానిని 2024 సెప్టెంబరు 6న లోకమునకు విడిచినది. జపాను భాషలో అసోబి యనగా ఆటయే. ఆ డిసెంబరులో అమెరికాలో జరిగిన గేమ్ అవార్డ్స్ సభలో సంవత్సరపు మేటి యాటగా దీని నెన్నుకొనిరి. కథ స్వల్పము. శత్రువు ఓడను బాడుచేయగా తోడిబొమ్మలు మూడువందలకు బైగా గ్రహగ్రహమునకు జెదరిపోవును. మన బొమ్మ వానిని వెదకి తెచ్చును. ఇతివృత్తమున రసపుష్టి లేదనియే నా యభిప్రాయము. మనుమడు మాత్ర మొప్పుకొనలేదు.

ఇట్టి యాటలను ఆంగ్లమున ప్లాట్‌ఫారమర్ అందురు. నిజామాబాదు రైలుస్టేషనులో మన మెక్కి నిలుచు ప్లాట్‌ఫారమే యీ ప్లాట్‌ఫారము. ఎత్తైన యరుగు అని యర్థము. అరుగునుండి యరుగునకు దుముకుటయే యాట. 1981లో జపానుకు జెందిన నింటెండో సంస్థలో షిగేరు మియమోటో యనునాయన డాంకీ కాంగ్ అను దానిని గల్పించెను. అందొక మనుష్యుడు ఇనుపదూలములపై దొర్లివచ్చు పీపాలను దాటుచు బైకి బోవును. 1985లో ఆయనయే సూపర్ మారియో బ్రదర్స్ అను దానిని రూపొందించెను. ఆ యాట యంతయు 40,960 ఆంగ్లాక్షరములు పట్టు చోటున నిమిడినది. చిన్న పుస్తకమంత! 1989లో అమెరికాలో జోర్డన్ మెక్నర్ అను యువకుడు తన తమ్ముడు పరుగెత్తుటను, దుముకుటను జిత్రములుగా దీసి, వానిని చూచి గీతగీతగా బ్రిన్స్ ఆఫ్ పర్షియా యను నాటలో దింపెను. అందలి రాకుమారుడు అరుగంచున వ్రేలాడునపుడు నిజముగా మనుష్యుడే వ్రేలాడుచున్నట్లుండును.

ఇక దృశ్యవైభవమును గూర్చి చెప్పెదను. మారియో నాటి తెరపై చిత్రము 61,440 చుక్కలతో నేర్పడెడిది. మన మ్రుగ్గు చుక్కలవంటివే యవి, కాని ప్రతి చుక్కకు నొక రంగు. నేటి మేలిరకపు టెలివిజనులో 82,94,400 చుక్కలు గలవు, అనగా దాదాపు 135 రెట్లు. సెకనునకు అఱువదిమాఱులు ఆ ముగ్గు నంతటిని చెఱిపి క్రొత్తగా బెట్టవలెను. ప్రతి చుక్కకు వెలుతు రెంత, నీడ యెంత యని లెక్క కట్టవలెను. బొమ్మ యాకుల గుట్టలో జొచ్చినపుడు ఏ యాకు ఏ దిక్కునకు జిమ్మబడునో లెక్క కట్టవలెను. చిత్రకారుడు కుంచెతో జేయు పనిని యీ యంత్రము కూడికలు, గుణకారములతో జేయుచున్నది. లెక్కలు దండుగయని నాతో వాదించిన శిష్యులకు ఈ ప్రసంగము వినబడుగాక.

పిడియు నొక వింతయే. బొమ్మ యిసుకపై నడచునపుడు అరచేతిలో నొకరీతి కంపము, ఇనుముపై నడచునపుడు వేఱొకరీతి. వాన కురిసినపుడు చినుకులు వ్రేళ్లకు దెలియును. లోపల నమర్చిన చిన్న కదలిక సాధనములు చేయు పని యది. కన్నులు మూసికొని పిడి పట్టి, "ఇది ఇసుక, ఇది ఇనుము" అని నేను చెప్పగా మనుమడు చప్పట్లు గొట్టెను.

అయినను ఈ సౌందర్యమంతయు నలంకారమే కాని యాత్మ కాదు. ఆత్మ దుముకుటలో నున్నది. రెండవనాటి సాయంకాలము పిడిని నాచేతి కిమ్మంటిని. మొదటి గుంటలోనే యిరువదిమాఱులు పడితిని. వాడు నా బొటనవ్రేలిపై దన వ్రేలుంచి, "ముందే నొక్కకు తాతా, అంచుకాడికి వచ్చినంక నొక్కు" అని నేర్పెను. మీటను తాకి విడిచిన చిన్న దుముకు, నొక్కిపట్టిన బెద్ద దుముకు. ఇట్టి యాటలు పెక్కింటిలో బొమ్మ లేచుటకంటె పడుట వేగముగా నుండునట్లు లెక్క వ్రాయుదురు. ప్రకృతినియమ మట్లు గాకపోయినను, కంటికిని జేతికిని నదియే హితముగా నుండును.

ఇంకొక రహస్యము విని నేను విస్మయమొందితిని. అడుగు అంచు దాటి గాలిలో బడిన తరువాత మీట నొక్కినను, కొద్ది చిత్రముల కాలమువఱకు ఆ నొక్కుడు చెల్లునట్లు చాల యాటలలో నిర్మాతలు చాటుగా వ్రాసియుంతురు. నేల తాకుటకు రెప్పపాటు ముందు నొక్కినను చెల్లును. పిల్లవాడు తానే సరిగా దుమికితి ననుకొనును, మన్నింపబడితినని యెఱుగడు. నేను పని చేసిన నాళ్లలో గంట మ్రోగిన పిదప గడప త్రొక్కిన వారిని వెలుపల నిలిపెడివాడను. వారిలో గొందఱు వాగు దాటి వచ్చినవారు. ఈ సంగతి యాట నేర్చునపుడు జ్ఞప్తికి వచ్చినది.

కీడు లేదని చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నామోదించి, 2022 జనవరినుండి యమలునకు దెచ్చిన రోగముల పట్టికలో ఆటవ్యసనము చేరినది. ఆపుకొనలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే మిన్నయగుట, చెఱుపు కనబడుచున్నను మానలేకపోవుట, ఇవి దాని లక్షణములు; సాధారణముగా నొక సంవత్సరము చూచి నిర్ణయింతురు. నాలుగు దినముల సంబరము వ్యసనము కాదు. వేఱొక భ్రాంతియు గలదు. సెల్‌ఫోనులో బందెము కట్టెడి రమ్మీయును, ఈ దుముకు బొమ్మయు రెండును 'గేమే' యని పిలువబడుటచే మన మొక్కటిగా దలచెదము. పందెపు టాటలను మన తెలంగాణలో 2017లోనే చట్టమును సవరించి నిషేధించిరి. 2025లో బార్లమెంటును వానిపై జట్టము చేసినది. ఆస్ట్రో బాట్‌లో బందెము లేదు, దుడ్డు గెలుచుట లేదు, ఓడుట లేదు. ఏది యాడుచున్నాడో పిల్లవాని ప్రక్కను గూర్చుండి చూచిన గాని తెలియదు.

ఇప్పుడు మా యింట భోజనవేళ "ఎంతసేపు?" అని యడుగుట మానితిని. "ఇంక నెన్ని యరుగులు?" అని యడుగుదును. వాడు వ్రేళ్లు చూపును. ఆ యరుగులు ముగియగనే తానే పెట్టె కట్టి పీటపై గూర్చుండును; ఒకటి రెండు మాఱులు కొసరు యరుగు లడిగినమాట నిజమే. సెలవులు ముగిసి వాడు హైదరాబాదునకు బోవునాటికి నేను మూడు గుంటలు మాత్రమే దాటితిని. దసరాకు వచ్చునపుడు పెట్టెను మఱవక తెమ్మంటిని. ఎక్కముల పుస్తకము గూడ దెచ్చెదనని వాని తల్లి యన్నది.