దేవాలయములో అమ్మకపు టిండ్లు

అమెరికాలోని బోస్టను నగరమున, షామట్ వీధిలో జర్మను కాథలికులు కట్టుకొనిన హోలీ ట్రినిటీ దేవాలయము నేఁడు 33 ఇండ్ల మేడగా మాఱియున్నది. 1877లో పూర్తియైన యీ రాతికట్టడమునకు నమూనా గీసినవాఁడు పాట్రిక్ కీలీ; ఆ నగరపు ప్రధాన దేవాలయమగు హోలీ క్రాసుకు శిల్పియు నాతఁడే. 2008లో ఆరాధన నిలిచినది. పిమ్మటఁ గొన్నవారు వెలుపలి గోడలను, గోపురమును నిలిపి, పైకప్పు తీసివైచి, లోపలినుండి ఉక్కుతోను అద్దములతోను ఎనిమిదంతస్తుల మేడను లేపిరి. తల్లి యొడిలోనుండి లేచి తల్లినే మించిన బిడ్డవలె నది వీధిలోనివారికిఁ గానవచ్చుచున్నది.

ఇదియంతయు నపచారమే యనువారితో మే మేకీభవింపఁజాలము. జనము రాని గుడికి వానయే శత్రువు. కప్పు కాఱును, సున్నము రాలును, చలిదేశములలో రాతి సందులఁ జొచ్చిన నీరు మంచుగడ్డయై యుబ్బి గోడను జీల్చును. ఆదివారపుఁ బళ్లెములోఁ బడు నాణెములతో నట్టి మరమ్మతు సాగదు. నేలమట్టము చేయుటకంటె గోడలైన మిగులుట మేలు. కాథలిక ధర్మసంహితయే (1983) తన 1222వ సూత్రమున, ఆరాధనకుఁ బనికిరాని మందిరమును నీచము కాని లౌకిక వినియోగమునకు విడుచుటకు బిషప్పున కధికార మొసఁగినది. కాపురముండుట నీచమని యెవ్వరనఁగలరు?

మా సందేహము వేఱొకచోట నున్నది. ఆ గుడి యెవరిది? 1897 నాఁటి మసాచుసెట్సు శాసనము చొప్పున బోస్టను ఆర్చిబిషప్పు పీఠమే యొక చట్టబద్ధమైన సంస్థ. గుళ్ల యాస్తి దాని పేరనే యుండును. చందాలిచ్చి కట్టించినవారి పేరు దస్తావేజులో లేదు. ధర్మకర్తకును యజమానికిని గల భేద మెఱిఁగిన మా పాఠకుల కిందలి చిక్కు వేఱుగఁ జెప్పఁబనిలేదు. 2004లో ఆ పీఠము పెక్కు గుళ్లను మూయఁబూనినపుడు, సిచుయేటు పట్టణములోని కాబ్రీని దేవాలయపు భక్తులు గుడి విడువక, పదునొకం డేండ్లకుఁ బైగా రేయింబవళ్లు వంతులవారిగాఁ గావలి కాచిరి. న్యాయస్థానములు పీఠము పక్షముననే తీర్పు చెప్పినవి. 2016 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు వారి మొఱ వినుటకు నిరాకరింపఁగా వారు వెలుపలికి వచ్చిరి.

తీర్పు చట్టమునకు సరిపోవునేమో, మేము కాదనము. ఐనను గుడి మూయుదురని భక్తులకుఁ గడపటఁ దెలుపుట న్యాయము కాదు. బేరము కుదురకమునుపే లెక్కలు వారి ముందుంచి, మరమ్మతున కెంతయగునో చెప్పి, గడువిచ్చి, తామే కొనఁగలరేమో వారి నడుగవలెను. వారు చాలమన్న పిదపనే ఇండ్లు కట్టువారిని పిలువవలెను.